పదప్రహేళికలు: జూదమా? విద్యయా?

మన పఠనాలయమునకు వచ్చు ఆంగ్ల దినపత్రికలో ఒక మూల నలుపు తెలుపు గడులతో నిండిన చతురమొకటి ప్రతిదినమును కనబడుచుండును. ఆ మూలను కత్తిరించి తీసివేసిన పిమ్మటనే పత్రికను బల్లపై నుంచవలెనని కొందఱు తలిదండ్రులు కోరుచున్నారు. దానివలన పిల్లల ఆంగ్లము చెడుచున్నదని కొందఱు ఉపాధ్యాయులును తలంచుచున్నారు. మొదటివారు దానిని జూదమందురు. రెండవవారు వెకిలిమాటల పుట్ట యందురు. ఈ రెండభియోగములును తోసిపుచ్చదగినవి కావు. అయినను వానిని విచారించి చూచినచో, ఆ గడులను పఠనాలయమున నుండనిచ్చుటయే గాక, తెలుగునందు గూడ మన బాలబాలికలే వానిని కూర్చుకొనుట మేలని నాకు తోచుచున్నది. ఆ అభిప్రాయమునే ఈ పుటలలో విన్నవించుకొనుచున్నాను.

ఈ క్రీడ పుట్టి నూఱేండ్లు దాటినది. లివర్పూలు పట్టణమున పుట్టి అమెరికాకు వలసపోయిన ఆర్థర్ విన్ అను పత్రికారచయిత 1913వ సంవత్సరము డిసెంబరు 21వ తేది ఆదివారమున 'న్యూయార్కు వరల్డ్' పత్రికలో దీనిని మొదట ప్రకటించెను. ఆ మొదటి రూపము వజ్రాకారముగా నుండెను, నల్లగడులే లేవు. 1924లో సైమన్, షుస్టర్ అను ఇరువురు క్రొత్త ప్రకాశకులు వీనిని పుస్తకముగా కూర్చి, దానితో పెన్సిలు నొకదానిని జతచేసి అమ్మిరి. ఆ పిచ్చి దేశమంతయు వ్యాపించెను. అమెరికా యీ వ్యసనమునకు దాసియైపోయెనని ఆ యేటనే హేళనచేసిన లండన్ 'టైమ్సు' పత్రిక, 1930 ఫిబ్రవరి 1వ తేదినుండి తానును ప్రతిదినము ఒక ప్రహేళికను ప్రకటింప నారంభించెను! పెద్దలు తిట్టిన యాటను పెద్దలే ఆడుట లోకమున క్రొత్త గాదు.

ఇక జూదమను మాట. ఇది ఊరక పుట్టినది కాదు. మన దేశమున 1940, 1950 దశకములలో డబ్బు బహుమతులతో గూడిన పదప్రహేళికల పోటీలు విపరీతముగ నడచెను. ప్రవేశ రుసుము చెల్లించి గడులు పూరించి పంపవలెను. ముందే ముద్రవేసి దాచిన 'అధికార పరిష్కారము'తో ఎవనిది సరిపోవునో వానికి ధనము. ఇందలి మోసమేమో చిన్న యుదాహరణమున చెప్పెదను. రెండు గడులున్నవి, రెండవదానిలో 'ట' అను అక్షరము ముందే వేసియున్నది. ఆధారము: 'పిల్లలకు ఇది లేనిదే ప్రొద్దుపోదు.' ఉత్తరమేది? ఆట కావచ్చును, పాట కావచ్చును, మాటయు కావచ్చును. మూడును సమంజసములే. వీనిలో నొకటి మాత్రమే ముద్రవేసిన కాగితములో నున్నది. అది ఏల ఆటయైనది, ఏల పాట కాలేదు అని యడిగిన చెప్పువాడు లేడు. ఇట్టి సందేహస్థలములు పది యుండి, ఒక్కొక్కచోట రెండేసి పదములు పొసగిన యెడల, అన్ని విధములను తడవి చూచుటకు 1,024 పత్రములు పంపవలెను. గణితము చదువు పెద్ద తరగతులవారు రెంటిని పదిమారులు హెచ్చవేసి చూచుకొనవచ్చును. ఒక్కొక్క పత్రమునకు రుసుము వేఱు. ఎన్ని కుటుంబముల కూలిడబ్బు అట్లు పోయెనో ఊహింపవచ్చును. నేటి తాతలును అవ్వలును ఆ పేరు వినిన జంకుట అందుచేతనే.

1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టమును చేసి, నెలకు వేయి రూపాయలకు మించిన బహుమతులను నిషేధించెను. ఆ పోటీలను నడపువారు సుప్రీముకోర్టు నాశ్రయింపగా, 1957లో ఆ న్యాయస్థానము చెప్పిన తీర్పు మనకు మిక్కిలి పనికివచ్చునది. ఆ చట్టము అదృష్టమున నడచు పోటీలకే వర్తించుననియు, విజయము ముఖ్యముగ నేర్పుపై నాధారపడు పోటీలు జూదము కావనియు న్యాయమూర్తులు నిర్ణయించిరి. నేటికిని క్రీడకును జూదమునకును భేదము చెప్పవలసినపుడు న్యాయస్థానములలో ఆ తీర్పును ఉదాహరించుచునే యుందురు. తలిదండ్రులు అడుగవలసిన ప్రశ్న గూడ అదియే: గడులున్నవా లేవా యని కాదు, ఉత్తరము సరియైనదని గడులు నింపినవాడు తనకు తానే ఋజువు చేసికొనగలడా లేడా యని.

ఇచ్చటనే ఆంగ్లేయుల గూఢప్రహేళిక తన గొప్పతనమును చూపును. అందలి ఆధారవాక్యమునకు రెండు భాగము లుండును. ఒకటి పదమునకు అర్థము. రెండవది ఆ పదపు శరీరమును గూర్చిన సంజ్ఞ, అనగా అక్షరముల చమత్కారము. రెండును కలిసి ఒకే పదమును చూపవలెను. ఒక సాక్షికి మఱొక సాక్షి తోడగుట వంటిది. తెలుగున నొక ఉదాహరణము కల్పించెదను: 'తిరుగబడిన తీగెకు శిరస్సు (2).' చదివినవానికి మొదట గాలికి తిరిగిన పొట్లతీగె కండ్లకు కట్టును. అది వట్టి తెర. తీగె యనగా లత, దానిని వెనుకకు త్రిప్పినచో తల, శిరస్సన్నను తలయే. ఇక మఱియొక ఉత్తరమునకు తావులేదు. ముద్రవేసిన కాగితమునకై ఎదురుచూడ నక్కరలేదు. 'నెలకొక సాకు, ఆకసమున కనబడును (4)' అనినచో నెలయును వంకయు కలిసి నెలవంక యగును. 'సర్కారువారు పుచ్చుకొను చేయి (3)' అనినచో కరము. ఇందులో చమత్కారమంతయు ఒక్క పదమునకుండు రెండర్థములలోనే యున్నది.

ఆంగ్లములో ఈ విద్య యింకను విరివియైనది. 'ఫ్లవర్' అను పదమును చూచి పిల్లవాడు పువ్వనుకొనును. గూఢకర్తయో ప్రవహించునది యను నర్థమును మనసున బెట్టుకొని థేమ్సు నదిని అడుగుచుండును. 'బ్యాంకర్' అన్నను నదియే, దానికి గట్టులున్నవి గదా! అక్షరముల తాఱుమాఱులలో నాకు మిక్కిలి ప్రియమైనది 'ఎలెవెన్ ప్లస్ టూ' అనునది. ఆ ఆంగ్లాక్షరములనే అటునిటు మార్చి వ్రాసినచో 'ట్వెల్వ్ ప్లస్ వన్' అగును. పదునొకటియు రెండును పదుమూడు. పండ్రెండును ఒకటియు పదుమూడు. అక్షరములును లెక్కించిన పదుమూడే! ఒక ఆఱవ తరగతి పిల్లవాడు దీనిని పలకమీద వ్రాసికొని ఒక్కొక్క అక్షరమును కొట్టివేయుచు పరీక్షించిన సంతోషమును చూడగలిగినవారెవ్వరును ఈ గడులను వ్యర్థమనజాలరు.

మన పిల్లలకు ఆంగ్లవాక్యమును బట్టీపట్టుట వచ్చును, శంకించుట రాదు. పాఠ్యపుస్తకమున నున్న వాక్యమునకు అర్థము చెప్పుడనిన, ఉపాధ్యాయుడు చెప్పినదానిని చెప్పుదురు. ఈ వాక్యము వేఱొక విధమున విఱిగినచో నేమగునని యడిగినవారు కనబడరు. గూఢప్రహేళిక ఆ ప్రశ్న నడుగక తప్పని స్థితిలో పెట్టును. ఇది వ్యాకరణమున పదవిభాగము నేర్పుట కంటె తక్కువ పని యని నేననుకొనను. కొన్ని సమయములలో ఎక్కువ పనియే.

అయితే గూఢములన్నియు న్యాయమైనవి కావు. సమ్సోను వివాహవిందులో ముప్పది నారబట్టలును ముప్పది దుస్తులును పందెముగా వేసిన పొడుపుకథను న్యాయాధిపతుల గ్రంథమున చదివియున్నాము. చచ్చిన సింహపు కళేబరములో తేనె దొరకిన సంగతి అతడు తన తలిదండ్రులకు గూడ చెప్పలేదు. మఱి విందునకు వచ్చినవారికి అది ఎట్లు తెలియును? బుద్ధిచే విప్పుటకు వీలులేని ప్రశ్నకు పందెము కట్టినందున అది బెదిరింపులకును, కన్నీళ్లకును, తుదకు హత్యలకును దారితీసెను. కూర్చువానికే తెలిసిన రహస్యముపై నాధారపడిన పొడుపు పొడుపే కాదు. ఇంగ్లండులో ఈ న్యాయమును పట్టుబట్టి స్థాపించినవారు బడిపంతుళ్లే యగుట మనకు గర్వకారణము. 'ఆఫ్రిట్' అను మాఱుపేరుతో కూర్చిన రిచీ వెల్సు పట్టణపు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. 'జిమెనీజ్' అను పేరున ప్రసిద్ధుడైన మక్‌నట్ ప్రాచీనభాషలు బోధించినవాడు. ఆధారము పెడదారి పట్టింపవచ్చును గాని అబద్ధమాడరాదని వీరి మతము. వీరికి ముందు 'టార్క్విమాడా' అను పేరు పెట్టుకొనిన మేథర్సు మాత్రము అంత దయగలవాడు కాడు. ఆ పేరు స్పెయిను దేశమున జనులను హింసించిన మతవిచారణాధికారిది. పేరునకు తగినట్లే పాఠకులను హింసించెను.

రెండవ అభియోగము నీచభాషను గూర్చినది. ఆంగ్లప్రహేళికలలో లండను తూర్పుపేటల కాక్నీజనుల మాటలు తఱచుగ వచ్చును. వారు హకారమును మ్రింగి పలుకుదురు. కావున ఆధారములో కాక్నీ యను పేరు కనబడిన వెంటనే ఆ పదమునుండి హకారమును తీసివేయవలెనని గ్రహింపవలెను. వారికి ప్రాసపలుకులు గూడ కలవు. మెట్లకు ఆంగ్లమున 'స్టేర్సు' అందురు గదా; దానికి ప్రాసగా 'ఆపిల్సు అండ్ పేర్సు' అందురు. పాదములకు 'ఫీట్'. దానికి ప్రాస 'ప్లేట్సు ఆఫ్ మీట్'. పిమ్మట ప్రాసగల తుదిమాటనే మ్రింగి, 'ప్లేట్సు' అని మాత్రమే యందురు! పళ్లెములు నొప్పిపెట్టుచున్నవని కాక్నీ మనుష్యుడు మూల్గినచో వాని కాళ్లు నొచ్చుచున్నవని అర్థము. ఇది నీచమా? మన పిల్లలు పెద్దలకు తెలియకుండ ప్రతి అక్షరమునకు ముందు కకారము చేర్చి మాటలాడుకొను 'క' భాష వంటిదే యిది. దానిని విని మనము నవ్వుకొందుము గాని భాష చెడినదని కన్నీరు కార్చము.

పైగా ఆ వెకిలిమాటలని మనము త్రోసిపుచ్చువానిలో కొన్ని మన యింటినుండి పోయినవే. సోల్జర్లు చూపునకు 'డెక్కో' యనుట మన 'దేఖో' వలననే. స్వదేశమును 'బ్లైటీ' యనుట విలాయతీ యను మాటవలన. 'పక్కా' సంగతి చెప్ప నక్కరలేదు. గూఢకర్తలకు ప్రియమైన 'బ్యాండికూట్' అను జంతువో, మన తెలుగు పందికొక్కే! 1886లో యూల్, బర్నెల్ అను పండితులు ఇట్టి మాటలనన్నిటిని చేర్చి 'హాబ్సన్-జాబ్సన్' అను నిఘంటువును రచించిరి. పందికొక్కును ఆంగ్లనిఘంటువున గుర్తుపట్టిన పిల్లవాడు ఆ భాషకు ఇక నెన్నడును భయపడడు.

అయినను ఉపాధ్యాయుల మాటలో ఒక సత్యము కలదని యొప్పుకొనుచున్నాను. లండను వీధిపేర్లు, అచ్చటి పాఠశాలల ముద్దుపేర్లు, క్రికెట్టు మైదానపు సంక్షేపములు, వీనిపై మాత్రమే నిలిచిన ఆధారములు మన పల్లెపిల్లలకు సమ్సోను పొడుపువంటివే. ఇంట పుస్తకములున్న పిల్లవాడు విప్పును, లేనివాడు సిగ్గుపడును. ఆ సిగ్గు మంచిది గాదు. కావున అట్టి ఆధారములు వచ్చినపుడు ఉపాధ్యాయుడు నిస్సంకోచముగ ఉత్తరము చెప్పివేయవలెను. నింపవలసిన గడులు మిగిలియే యుండును.

పద్యములను గూర్చిన ఆధారములకు వచ్చినపుడు మన పిల్లలు ఆంగ్లేయుల పిల్లలకంటె ముందున్నారు. ఛందస్సు చదివినవారు గదా! ఆంగ్లపద్యమునకు కొలత 'ఫుట్', అనగా పాదము. ప్రహేళికలో 'కవి కాలు' అని యడిగినచో గణము పేరు చెప్పవలెను. మనకు పాదమనగా పద్యములో నాలుగవ వంతు, వారికి పంక్తిలో నొక చిన్న ముక్క. కాని కాలినే కొలతగా గొనుట రెండు భాషలకును సమానము. వారి 'ఐయాంబ్' మన లగము, అనగా వగణము; 'ట్రోకీ' గలము, అనగా హగణము; 'ఆనపీస్ట్' సగణము; 'డాక్టిల్' భగణము. మనము గురులఘువులను మాత్రలతో కొలుతుము, వారు పలుకులోని ఊనికతో కొలుతురు, ఇంతియే భేదము. డాక్టిల్ అనగా గ్రీకుభాషలో వ్రేలు. చూపుడువ్రేలిని చాచి చూచుకొనుడు: మొదటి కణుపు పొడుగు, తక్కినవి రెండును పొట్టి. గురువు, లఘువు, లఘువు! భగణమును ఇంత సులభముగ జ్ఞాపకముంచుకొను ఉపాయము మన లక్షణగ్రంథములలో నేను చూడలేదు.

ఇందులో నాకు నచ్చనిది యొకటి కలదు. ప్రసిద్ధకవి పంక్తిలో నొక మాట తీసివేసి, ఆ ఖాళీని పూరింపుమనుట. అది జ్ఞాపకమునకే పరీక్ష గాని బుద్ధికి గాదు. బట్టీపట్టుటకు మఱియొక ద్వారమే. పై జెప్పిన టార్క్విమాడా 1925లోనే పద్యరూపమైన ఆధారములతో ఒక ప్రహేళికాగ్రంథమును ప్రకటించెను. అది వేఱు, అచ్చట పద్యమే పొడుపు.

పాఠశాలలకును ఈ గడులకును గల సంబంధమును తెలుపు వింతకథ యొకటి చరిత్రలో నున్నది. 1944 మే మాసమున 'డైలీ టెలిగ్రాఫ్' ప్రహేళికలలో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బెరీ అను పదములు ఒకదానివెంట నొకటి వచ్చెను. జూన్ మొదటి తేదిన నెప్ట్యూన్ వచ్చెను. ఇవి యన్నియు ఫ్రాన్సు తీరమున దిగుటకై మిత్రరాజ్యములు పెట్టుకొనిన రహస్యనామములు! దండయాత్ర జూన్ 6న జరిగెను. వానిని కూర్చినవాడు లియొనార్డ్ డా యను ప్రధానోపాధ్యాయుడు. రహస్యశాఖవారు వచ్చి ఆయనను గట్టిగ ప్రశ్నించిరి. ఏ నేరమును కనబడలేదు. నలుబది యేండ్ల పిమ్మట, 1984లో, ఆయన పూర్వవిద్యార్థి యొకడు రహస్యమును వెల్లడించెను. డా గారు ఖాళీగడులను విద్యార్థుల కిచ్చి పదములతో నింపుమని చెప్పి, పిమ్మట తాను ఆధారములు వ్రాయుచుండెనట. సమీపమున విడిసియున్న సైనికుల నోట విన్న మాటలను పిల్లలు గడులలో పెట్టిరట. దీనిలో ఎంత కాకతాళీయమో, ఎంత నిజమో ఎవరి తలంపు వారిది. ఒక ప్రధానోపాధ్యాయుడు తన పిల్లలచేత గడులు నింపించెనను మాట మాత్రము నాకు మిక్కిలి యింపుగ నున్నది.

మనమును అట్లు చేయరాదా? పదముల విఱుపులోను కూర్పులోను మనవారికి ఎవ్వరును నేర్పనక్కరలేదు. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన రామాయణ భారతములను ఒకే పద్యములలో చెప్పి రాఘవపాండవీయమును రచించెను. తిరుపతి వేంకటకవులు అవధానసభలలో సమస్యలను, దత్తపదులను, నిషిద్ధాక్షరులను అడిగినవి అడిగినట్లు పూరించిరి. 'వికటకవి' యను బిరుదే ముందువెనుకల నొక్కటిగ చదువబడునది. శ్రీశ్రీయు, ఆరుద్రయు ఇరువదవ శతాబ్దమున తెలుగు గడులను కూర్చి పాఠకులను మురిపించిరి.

తెలుగున గడులు కూర్చుటలో కష్టములు లేకపోలేదు. ఆంగ్లమునకు ఇరువదియాఱక్షరములే, ఏ పదమైనను మఱొకదానితో ఎచ్చటనో కలియును. మనకు ఒక్క కకారమునకే గుణింతమంతయు వేఱువేఱు గడులు. అడ్డముగ 'కి' వచ్చినచోట నిలువున 'కా' పనికిరాదు. 'స్త్రీ' యను సంయుక్తము ఒక్క గడిలోనే యొదుగును. దానికి నిలువుపదము దొరకుటకు తల గోకికొనవలెను. నామవాచకములు పెక్కు ముకారముతో ముగియుటచే కుడి చివరి వరుస యంతయు 'ము, ము, ము' అని మూల్గుచుండును. శకటరేఫములను గూర్చిన తగవులు వేఱు! అయితే విప్పువానికి ఇందులోనే లాభము కలదు. ఒక్క అక్షరము తెలిసినచో ఆంగ్లమునకంటె ఎక్కువ తెలిసినట్లే. కూర్చువాడు బ్రౌను దొర 1852లో ప్రకటించిన నిఘంటువును ప్రక్క నుంచుకొని ఎంత వెదకునో, అంత తెలుగు వానికి వచ్చును.

కావున నా కోరిక యిది. పఠనాలయపు పత్రికను కత్తిరింపవద్దు. రుసుమును బహుమతియు గల పోటీ ఏదైనను, కాగితముమీద వచ్చినను చేతిలోని యంత్రముమీద వచ్చినను, మన విద్యార్థులకు తగదని నిషేధింపవలెను. వారమునకొకమారు పఠనాలయపు గోడమీద నల్లబల్లపై ఒక తెలుగు చతురమును, ఒక్కొక్క తరగతి వంతున, విద్యార్థులే కూర్చి వ్రాయవలెను. ప్రతి ఆధారమునకును ఉత్తరము ఒక్కటే యని కూర్చినవారు మఱునాడు తరగతియెదుట నిలిచి ఋజువు చేయవలెను. చేయలేనిచో దానిని తుడిచివేయవలెను. మొదటి బల్లకై మూడు ఆధారములను నేనే యిచ్చుచున్నాను. చిన్న తరగతులకు: 'ముందునుండి చూచినను వెనుకనుండి చూచినను తామరయే (3).' నడిమి తరగతులకు: 'నూఱుతో మొదలగు నమస్కారము (4).' పెద్ద తరగతులకు: 'యంత్రమును త్రిప్పిన లక్ష్మి దొరకును (2).' ఉత్తరములను చీటిపై వ్రాసి, ఎట్లు వచ్చినవో రెండు పంక్తులలో వివరించి, పఠనాలయాధికారికి ఇయ్యవలెను. రుసుము లేదు, బహుమతియు లేదు.